కొవ్వు మీద పరిశోధన చేస్తుందట, పంపమంటారా?

ప్రశ్న: మాది పలాస. జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమస్తాగా చేస్తున్నాను. మా గుంట ఇంటర్ రెండో ఏడాది, బైపీసీ. మార్కులు బాగానే వస్తాయి. డాక్టరవుతుందని ఇంట్లో అందరం అనుకుంటున్నాం. ఈమధ్య నీట్ వద్దు, సైంటిస్టునవుతానంటోంది. అది కూడా ఒంట్లో కొవ్వు మీద పరిశోధన చేస్తుందట. మా బావమరిదేమో 'కొవ్వెక్కి మాట్లాడుతోంది, కొవ్వు మీద చదువేంటి' అని ఎగతాళి. ఎన్నేళ్లు చదవాలి? ఖర్చెంత? ఉద్యోగం వస్తుందా? ఆడపిల్ల, పెళ్లి సంగతి కూడా చూడాలి కదా. ఏం చెయ్యమంటారు?
– ఒక తండ్రి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ బావమరిది గారిని నవ్వనివ్వండి. పంపాలా వద్దా అన్నది తేల్చే ముందు అమ్మాయి దేని గురించి మాట్లాడుతోందో మీకు తెలియాలి. అందుకే ముందు కొవ్వు గురించి చెప్తాను, డబ్బు లెక్కలు తర్వాత.

కొవ్వంటే మిగిలిన తిండి నిల్వ చేసుకునే గోడౌను అనే చాలాకాలం అనుకున్నారు. గోడౌనే, కాదనలేం. కానీ ఆ గోడౌనులో మీలాంటి గుమస్తా ఒకడున్నాడు. లోపల సరుకెంత ఉందో లెక్క చూసి, పైనున్న యజమానికి, అంటే మెదడుకి, ఎప్పటికప్పుడు కబురు పంపుతాడు. ఆ కబురు పేరు లెప్టిన్, కొవ్వు కణాలే తయారు చేసే హార్మోన్. కబురు అందితే మెదడు 'ఇక చాలు, తినకు' అంటుంది. అందకపోతే గోడౌన్ నిండి ఉన్నా ఆకలి వేస్తూనే ఉంటుంది.

ఇది కనిపెట్టిన తీరు మీ అమ్మాయికి తప్పకుండా తెలియాలి. ఆ వృత్తిలో జీవితం ఎలా ఉంటుందో అందులో కనిపిస్తుంది. 1949లో అమెరికాలోని జాక్సన్ లేబొరేటరీలో, ఆపకుండా తిని విపరీతంగా లావెక్కే చుంచెలుకలు బయటపడ్డాయి. తర్వాత అక్కడే ఇంకో రకం లావు ఎలుకలు దొరికాయి, వాటికి షుగరు కూడా. డగ్లస్ కోల్‌మన్ అనే బయోకెమిస్టు ఈ రెండో రకం ఎలుకను, ఒక మామూలు ఎలుకను పక్కపక్కన పెట్టి, రక్తం ఒకదాంట్లోంచి మరోదాంట్లోకి వెళ్లేలా కలిపి కుట్టాడు. లావుదానికి ఏమీ కాలేదు. మామూలు ఎలుక మాత్రం తిండి మానేసి చిక్కి చచ్చిపోయింది. లావు ఎలుక రక్తంలో 'చాలు' అని చెప్పే పదార్థమేదో ఎక్కువగా ఉందని, దాని మెదడుకే అది వినబడటం లేదని ఆయన తేల్చాడు. 1970ల మొదట్లోనే ఈ మాట రాశాడు. చాలామంది నమ్మలేదు. ఆ పదార్థాన్ని ఆయన పట్టుకోలేకపోయాడు కూడా. రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఏళ్ల తరబడి వెతికి 1994లో ఆ పదార్థాన్ని తయారు చేయించే జన్యువును పట్టుకుంది. ఆ పదార్థమే లెప్టిన్. కోల్‌మన్ చెప్పింది నిజమని తేలడానికి ఇరవై ఏళ్లు పైనే పట్టింది. 2010లో ఇద్దరికీ కలిపి వైద్య పరిశోధనకిచ్చే పెద్ద బహుమతి, లాస్కర్ అవార్డు ఇచ్చారు.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. లెప్టిన్ మీద హక్కుల కోసం ఆమ్‌జెన్ కంపెనీ 2 కోట్ల డాలర్లు కట్టింది, ఇక లావు తగ్గే మందు వచ్చేసినట్టే అనుకున్నారు. రాలేదు. లావుగా ఉన్నవాళ్లలో చాలామందికి లెప్టిన్ తక్కువేమీ కాదు, అసలే ఎక్కువ ఉంది. కబురు వెళ్తోంది, మెదడే పట్టించుకోవడం లేదు. అయితే పుట్టుకతో లెప్టిన్ బొత్తిగా లేని పిల్లలు కొద్దిమంది ఉంటారు. కేంబ్రిడ్జిలో డాక్టర్లు 1997లో అలాంటి పిల్లలను గుర్తించారు. లెప్టిన్ ఇంజెక్షన్ మొదలుపెట్టాక వాళ్ల ఆకలి అదుపులోకి వచ్చి బరువు తగ్గింది. కోట్లమందికి పనికొస్తుందనుకున్నది కొద్దిమందికే పనికొచ్చింది. ఆ కొద్దిమందికి మాత్రం ప్రాణం పోసింది. ఈ రంగంలో గెలుపు చాలాసార్లు ఇలాగే ఉంటుంది. ఇది విన్నాక కూడా మీ అమ్మాయి కళ్లు మెరుస్తుంటే నాకు సగం జవాబు దొరికినట్టే.

ఇది అమెరికా ఎలుకల గొడవ, మనకెందుకు అనుకోకండి. మనవాళ్లు చూడ్డానికి సన్నగానే ఉంటారు, షుగరు మాత్రం వస్తుంది. పుణెలో యాజ్ఞిక్ గారని ఒక డాక్టరు, ఆయన స్నేహితుడు ఇంగ్లండు డాక్టరు యుడ్కిన్. ఇద్దరి ఎత్తు, బరువు లెక్క కడితే బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కి 9.1 శాతం, మన యాజ్ఞిక్ గారికి 21.2 శాతం. ఇద్దరూ పక్కపక్కన నిలబడిన ఫోటోతో సహా 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. కొవ్వు ఎంత ఉంది అన్నదొక్కటే కాదు, చర్మం కింద ఉందా, పొట్టలో పేగుల చుట్టూ ఉందా, కాలేయంలోకి వెళ్లిందా అన్నది కూడా తేడా తెస్తుంది. మన దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10.1 కోట్ల మందని కేంద్ర వైద్య పరిశోధన మండలి, ఐసీఎంఆర్, సర్వే 2023లో లెక్కవేసింది. బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు 2025లో మన మార్కెట్లోకి కూడా వచ్చాయి. అవి ఎవరికి పనిచేస్తాయి, మానేస్తే బరువు మళ్లీ ఎందుకొస్తుంది, కొవ్వుతో పాటు కండ ఎంత పోతుంది, ఇవన్నీ తేల్చేవాళ్లు కావాలి. ఈ రంగంలో పని దొరకదన్న బెంగ అక్కర్లేదు.

ఇక ఆ పని రోజూ ఎలా ఉంటుందో చెప్తాను. టీవీలో చూపించే సైంటిస్టు వేరు. ల్యాబుల్లో ఎక్కువగా వాడేవి చుంచెలుక నుంచి వచ్చిన ఒక రకం కణాలు, వాటి పేరు 3టీ3-ఎల్1. ప్లేటులో పెంచి, నిండిన తర్వాత ఇన్సులిన్, డెక్సామెథసోన్, ఇంకొక రసాయనం కలిపిన మందు పోస్తారు. రెండ్రోజులకోసారి పాత ద్రవం తీసి కొత్తది పోయాలి. ఆదివారమని కణాలు ఆగవు, సంక్రాంతి అయినా ఆగవు. ఎనిమిది, పది రోజులకు మైక్రోస్కోపులో చూస్తే కణాల్లో చిన్న చిన్న నూనె బొట్లు మెరుస్తూ కనిపిస్తాయి. ఆయిల్ రెడ్ ఓ అనే రంగు వేస్తే ఎర్రగా తేలతాయి. అలా బొట్లు తేలాకే అసలు ప్రయోగం మొదలు. కణాలు మరీ ఎక్కువసార్లు పెంచినవైతే కొవ్వుగా మారనే మారవు, రెండు వారాల పని పోయినట్టే. బూజు పట్టినా అంతే, అన్నీ పారబోసి మొదటి నుంచి మొదలుపెట్టాలి.

మనుషుల కొవ్వు మీద పనిచేసే ల్యాబుల్లో ఇంకో రకం హడావుడి. ఆసుపత్రిలో బరువు తగ్గించే ఆపరేషన్ జరిగినప్పుడు, రోగి ఒప్పుకుంటే, ఎథిక్స్ కమిటీ అనుమతితో చిన్న ముక్క తీసుకుంటారు. ఆపరేషన్ థియేటర్ నుంచి ఫోను వచ్చేదాకా ఎదురుచూసి, ముక్క చేతికందగానే ల్యాబుకి పరిగెత్తాలి. దాన్ని చిన్నచిన్నగా కత్తిరించి, కొలాజినేజ్ అనే ఎంజైములో నానబెట్టి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. కొవ్వు కణాలు పైకి తేలతాయి, ఇంకా కొవ్వుగా మారని మూలకణాలు, రక్షణ కణాలు అడుగున చేరతాయి. అర్ధరాత్రి దాటినా ఆ పని ముగించాకే ఇంటికి. ఎలుకల మీద పనిచేస్తే వాటికి వారాల తరబడి కొవ్వు తిండి పెట్టి, బరువు రాసుకుని, చివరికి చంపాల్సి ఉంటుంది. ఇది చాలామంది పిల్లలకు పీహెచ్‌డీలో చేరాకగానీ తెలియదు. అమ్మాయితో ఇప్పుడే మాట్లాడండి. తన వల్ల కాదంటే అందులో తప్పేమీ లేదు. కంప్యూటర్ మీద డేటాతో చేసే పని ఉంది, రోగుల మీద చేసే సర్వేలు ఉన్నాయి.

సరే, ఇప్పుడు మీ ఇంటి సంగతి. నా ఉద్దేశంలో మీరిద్దరూ అక్కర్లేని చోట వాదించుకుంటున్నారు. కొవ్వు మీద డిగ్రీ అంటూ ఎక్కడా లేదు. అది పీహెచ్‌డీలో ఎంచుకునే విషయం, అంటే కనీసం ఐదారేళ్ల తర్వాతి మాట. అప్పటికి ఆమె మనసు మారొచ్చు. ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, పలాస పిల్ల రేపు కొవ్వు వదిలేసి కిడ్నీ పట్టుకుంటానన్నా నేను ఆశ్చర్యపోను. ఇప్పుడు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఇంటర్ తర్వాత డిగ్రీ ఎక్కడ. అది గట్టి చోట పడితే తక్కినవన్నీ తర్వాత చూసుకోవచ్చు.

గట్టి చోటంటే నేను మొదట చెప్పేది ఐసర్, సైన్సు చదువుకి, పరిశోధనకి కేంద్రం పెట్టిన సంస్థ. దేశంలో ఏడున్నాయి. తిరుపతిలో ఒకటి, మీకు కూతవేటు దూరంలో బరంపురంలో ఒకటి, అది 2016లో మొదలైంది. పలాస వాళ్లకు విశాఖ కంటే బరంపురమే దగ్గర, ఊళ్లో తెలుగు కూడా వినిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లా తల్లిదండ్రులు పిల్లల్ని విజయవాడ హాస్టళ్లకు పంపుతారు గానీ, పక్కనే ఉన్న ఈ సంస్థ పేరు ఎత్తరు. నాకు ఎప్పుడూ అర్థం కాని విషయం ఇది. ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ కోర్సు, అంటే డిగ్రీ, పీజీ కలిపి, చివరి ఏడాది పూర్తిగా పరిశోధనే. ప్రవేశం ఐఏటీ అనే పరీక్షతో. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ నాలుగింటిలో 15 చొప్పున 60 ప్రశ్నలు, మూడు గంటలు. తప్పు జవాబుకి మార్కు పోతుంది.

బైపీసీ పిల్లలకు ఇక్కడే చిక్కు. పదో తరగతితో లెక్కలకు నమస్కారం పెట్టేసిన పిల్ల ఇంటర్ లెక్కల ప్రశ్నలు 15 ఎలా రాస్తుంది? భయపడి పరీక్షే మానేస్తారు. అది పొరపాటు. మిగతా మూడు సబ్జెక్టులు నీట్‌కి చదివేవే. లెక్కల్లో ఫంక్షన్లు, సరళరేఖ, డెరివేటివ్, సంభావ్యత, మాత్రికలు, ఈ ఐదు అధ్యాయాలు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోంచి చేసుకుంటే కొన్ని మార్కులు చేతికొస్తాయి. రోజుకో గంట చాలు, కోచింగ్ అక్కర్లేదు. మీ వీధిలో ఎంపీసీ చదివిన పిల్ల ఎవరైనా ఉంటే కూర్చోబెట్టి చెప్పించండి. ఎలాగూ ఆ లెక్కలు తర్వాత కావాలి, స్టాటిస్టిక్స్ రాని బయాలజిస్టుకి ఈ రోజుల్లో అడుగడుగునా ఇబ్బందే. ఐఏటీతో పాటు భువనేశ్వర్‌లో ఐసర్ లాంటిదే ఇంకో సంస్థ, నైసర్, ప్రవేశానికి నెస్ట్ అనే పరీక్ష కూడా రాయించండి. అందులో నాలుగు విభాగాల్లో బాగా వచ్చిన మూడింటినే లెక్కలోకి తీసుకునే పద్ధతి ఉంది కాబట్టి బైపీసీ వాళ్లకు కాస్త ఊపిరి. ఆ ఏడాది బులెటిన్ మాత్రం ఒకసారి చదువుకోండి, నియమాలు మారుస్తుంటారు.

నీట్ సంగతి. రాయించండి. మానెయ్యమని అమ్మాయికి నేను చెప్పను. మీరు కూడా 'నీట్ తప్ప ఇంకేదీ రాయకూడదు' అనకండి. రెండింటికీ పుస్తకాలు దాదాపు ఒకటే. ప్రభుత్వ కాలేజీలో ఎంబీబీఎస్ సీటు వస్తే అదీ పరిశోధనకు దారే. ఫ్రీడ్‌మన్ ముందు ఎండీ చేసి తర్వాత పీహెచ్‌డీ చేసినవాడు. లెప్టిన్ లేని పిల్లల్ని గుర్తించింది డాక్టర్లే. మన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివి బయోకెమిస్ట్రీలోకి వెళ్లినవారు. డాక్టరుకి రోగి దగ్గరకు వెళ్లే వీలుంటుంది, అది మామూలు సైంటిస్టుకి ఉండదు. కానీ ప్రభుత్వ సీటు రాకపోతే ప్రైవేటు సీటు కోసం పొలం అమ్మడం, ఇష్టం లేని పిల్ల చేత రెండేళ్లు మూడేళ్లు లాంగ్ టర్మ్ చేయించడం, ఈ రెండూ వద్దు. ఇది నా గట్టి మాట.

ఐసర్, నైసర్ రెండూ రాకపోయినా దారి మూసుకుపోదు. మన రాష్ట్రంలో డిగ్రీ ఇప్పుడు నాలుగేళ్ల ఆనర్స్ పద్ధతిలో ఉంది. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ల్యాబు తాళాలు తీసి నడిపే కాలేజీ చూసుకుని కెమిస్ట్రీ లేదా బయాలజీ ఆనర్స్‌లో చేర్చండి. చేరే ముందు మీరే వెళ్లి ల్యాబు చూపించమనండి. గాజు సామాను మీద దుమ్ముంటే వెనక్కి వచ్చెయ్యండి. తర్వాత ఐఐటీ జామ్, సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్షలు రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోటికి ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు. ఆంధ్రా యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీ ఉంది. పోషణ వైపు మనసుంటే హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, ఎన్ఐఎన్, ఉంది. లావెక్కే ఎలుకల జాతిని అక్కడే గుర్తించి పెంచుతున్నారు, మీ అమ్మాయికి ఆ కబురు చెప్పండి, సంతోషిస్తుంది.

డబ్బు, కాలం. ఉన్నదున్నట్టు చెప్తాను. ఇంటర్ తర్వాత ఐదేళ్లు ఎమ్మెస్, ఆపైన పీహెచ్‌డీ ఐదారేళ్లు, ఆ తర్వాత పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక ఇంకో ల్యాబులో చేసే తాత్కాలిక పరిశోధన, రెండు నుంచి నాలుగేళ్లు, చాలామందికి విదేశంలో. పర్మనెంట్ ఉద్యోగం వచ్చేసరికి ముప్ఫై దాటుతుంది. ఇది తక్కువ చేసి చెప్పేవాళ్లను నమ్మకండి. అయితే మీరు ఫీజు కట్టేది మొదటి ఐదేళ్లకే. ప్రైవేటు మెడికల్ సీటుతో పోలిస్తే అది చాలా తక్కువ, అవసరమైతే పీఎం విద్యాలక్ష్మి కింద తాకట్టు లేకుండా బ్యాంకు అప్పు దొరుకుతుంది. పీహెచ్‌డీ నుంచి ఆమెకే డబ్బులొస్తాయి. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ అనే పరీక్షలో జేఆర్ఎఫ్, అంటే పరిశోధన భత్యం, వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత సీనియర్ హోదాలో, అంటే ఎస్ఆర్ఎఫ్‌గా, 42,000 రూపాయలు. హాస్టల్ లేకపోతే ఇంటద్దె విడిగా ఇస్తారు. ఒక్కోసారి నెలల తరబడి డబ్బు పడదు, పడ్డప్పుడు బకాయిలన్నీ కలిపి పడతాయి. దానికి సిద్ధంగా ఉండాలి.

ఉద్యోగాలు చాలా ఉన్నాయి గానీ అందరూ ప్రొఫెసర్లు కారు. ఐసర్లలో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 1,01,500 దగ్గర మొదలవుతుంది, పోటీ కూడా అంతే తీవ్రం. ఎక్కువమంది పీహెచ్‌డీ తర్వాత హైదరాబాద్, బెంగళూరు మందుల కంపెనీల పరిశోధన విభాగాల్లో చేరతారు. షుగరు, ఊబకాయం మందుల పని అక్కడ ఇప్పుడు జోరుగా ఉంది. మన పైడిభీమవరం కంపెనీలున్నాయి కదా అంటారు మీరు. అవి ఎక్కువగా మందు తయారుచేసే ప్లాంట్లు, వాళ్లకు కెమిస్టులు కావాలి. కొవ్వు కణాలు పెంచే ల్యాబు కోసం ఆమె జిల్లా దాటక తప్పదు.

పెళ్లి గురించి అడిగారు కాబట్టి చెప్తున్నాను. పీహెచ్‌డీలో ఉండగా పెళ్లి చేసుకున్నవాళ్లు, పిల్లల్ని కన్నవాళ్లు ఎంతోమంది. యూజీసీ నియమాల్లో ఆడపిల్లలకు పీహెచ్‌డీ గడువు రెండేళ్లు ఎక్కువ, ప్రసూతి, పిల్లల పెంపకం కోసం 240 రోజుల దాకా సెలవు ఉంది. ఇబ్బంది చదువుతో రాదు, 'ఇంకా ఎన్నాళ్లు చదువుతావు' అనే అత్తింటితో వస్తుంది. సంబంధం చూసినప్పుడు ఆ మాట ముందే తేల్చుకోవాల్సింది మీరు.

అమ్మాయికి ఒక పని చెప్పండి. ఒకే ఇంట్లో ఇద్దరు ఒకే తిండి తింటారు, ఒకరికి పొట్ట వస్తుంది, ఒకరికి రాదు. ఎందుకై ఉంటుందో మూడు కారణాలు రాయమనండి. ఒక్కో కారణం నిజమో కాదో తేల్చాలంటే ఏం కొలవాలో దాని పక్కన రాయమనండి. కారణాలు రాయడం అందరూ చేస్తారు. రెండో వరుస కోసం ఎంతసేపు తంటాలు పడుతుందో గమనించండి. విసుక్కుని ఫోను పట్టుకుంటే ఒక సంగతి. అన్నానికి పిలిచినా రాకపోతే నాకు మళ్లీ ఉత్తరం రాయండి, ఐఏటీ చదువు ప్లాను వేసి పంపిస్తాను.

మీరు చెయ్యాల్సిన పని కూడా ఒకటుంది, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఐసర్, నైసర్ రెండూ కేంద్ర సంస్థలు. రాష్ట్రంలో బీసీ అయిన కులాలన్నీ కేంద్రం ఓబీసీ జాబితాలో ఉండవు, ఉత్తరాంధ్రలో ఈ తేడాతో సీటు దగ్గర ఆగిపోయిన పిల్లలున్నారు. మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి. ఉంటే తహశీల్దార్ ఆఫీసు నుంచి కేంద్ర నమూనాలోనే నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ తీసుకోవాలి, రాష్ట్ర నమూనా చెల్లదు. లేకపోతే, మీ ఆదాయం పరిమితిలో ఉంటే, ఈడబ్ల్యూఎస్‌కి అర్హత ఉందేమో అడగండి. దరఖాస్తులు మామూలుగా మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తాయి, పరీక్ష మే నెలాఖర్లోనో జూన్‌లోనో. సర్టిఫికెట్ మీద తేదీ ఆ ఆర్థిక సంవత్సరానిదై ఉండాలంటారు కాబట్టి ఏప్రిల్ మొదటి వారంలోనే సచివాలయంలో అర్జీ పెట్టేయండి.